పేదవాని యింట కుక్క : పంచాయతీ కర్తవ్యము

“తనకే తిండి జరుగనివానికి కుక్క యెందుకు?” అను మాట మన గ్రామములలో తరచుగా వినవచ్చుచున్నది. సామాన్యముగా ఈ మాట రచ్చబండ కడ పుట్టి అక్కడనే సమసిపోవును. కాని యొక్కొక్కప్పుడు పంచాయతీ సమావేశమునకు గూడ వచ్చును. అట్లు వచ్చినపుడు సభ్యులు దానిని నవ్వులాటగా త్రోసివేయుటకు వీలులేదు. దాని వెనుక ఒక బిడ్డ ప్రాణము ఉండవచ్చును. ఒక ముసలివాని బ్రతుకుతోడు ఉండవచ్చును.

మేమొకప్పుడు మెట్టప్రాంతమున ఒక చిన్న గ్రామమునకు పోయియుంటిమి. అంతకు వారము దినములకు పూర్వము అక్కడ బడికి పోవుచున్న యేడేండ్ల బాలుని ఒక కుక్క పిక్కపై కరచినది. ఆ కుక్క ఊరి చివరి పూరియింట ఒంటరిగా నుండు ఒక వృద్ధురాలిది. ఆమె భర్త గతించెను; కుమారుడు కూలికై పట్టణము చేరెను. పింఛను, రేషను బియ్యము తప్ప ఆమెకు వేరాధారము లేదు. మేము పోయిన దినముననే పంచాయతీలో ఒక సభ్యుడు ఇట్లు ప్రతిపాదించెను: రేషను కార్డు గల కుటుంబములు కుక్కలను పెంచరాదు, ఇప్పుడున్నవానిని ఊరికి దూరముగా విడిచి రావలెను. “విడిచినచో మరల వచ్చును, విషము పెట్టుటయే మేలు” అని మరియొకరనిరి. బాలుని తండ్రి దినకూలి. అతడు కోపముతో గాక భయముతో మాటాడుచుండెను. వృద్ధురాలు అరుగు క్రింద నిలిచి యొకేమాట అన్నది: “అయ్యా, చీకటి పడ్డాక నా యింట్లో ఊపిరి తీసే ప్రాణం నేను గాక అదొక్కటే.”

తండ్రి భయము నిజము. వృద్ధురాలి మాటయు నిజము. ఈ రెంటికిని న్యాయము చేయు మార్గమేది యని విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆ ప్రతిపాదన చివరకు ఏమైనదో తుదిని చెప్పెదము.

పేదలు కుక్కను ఏల పెంచుచున్నారు?

పేదవాడు కుక్కను వేడుకకై పెంచుచున్నాడని తలంచుట తరచుగా పొరపాటు. అతని యింటికి గట్టి తలుపు లేదు, తాళము లేదు, ప్రహరీగోడ లేదు. ఉన్న నాలుగు కోళ్ళను, రెండు మేకలను రాత్రివేళ కాచునది కుక్కయే. పొలమున మందతోడ నిద్రించు గొఱ్ఱెల కాపరికి కుక్క లేనిదే గడవదు. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము గొఱ్ఱెల సంఖ్యలో దేశమంతటికిని తెలంగాణము మొదటిస్థానమున, ఆంధ్రప్రదేశ్ రెండవస్థానమున ఉన్నవి. తెలంగాణమున సుమారు 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు లెక్కకు వచ్చినవి. ఈ మందలను తోడేలునుండి, నక్కనుండి, దొంగనుండి కాపాడుటలో కుక్కకు గల పాలు చిన్నది కాదు. నల్లమల అడవులలోని చెంచు కుటుంబములకు కుక్క తరతరముల తోడు.

పనితో నిమిత్తము లేని ప్రేమయు కలదు. పిల్లలు వలసపోయిన యింట మిగిలిన ముదుసలికి, తల్లి కూలికి పోయి సాయంకాలమునకు గాని రాని పసివానికి, ఒక మూగప్రాణి చేయు సాయము లెక్కలకు అందునది కాదు. మనుష్యునికి ఆదాయము తక్కువైనంత మాత్రమున ఆప్యాయత అక్కర తక్కువ కాదు గదా! మహాభారతమున ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో చెప్పిన కథ మన గ్రామములలో ఎరుగనివారు లేరు. ఆ మాట చెప్పునాటికి ఆయనకు రాజ్యము లేదు, ధనము లేదు, తోబుట్టువులు వెంట లేరు. ఏమియు లేనినాడు తోడువచ్చినదానిని విడువకుండుటయే ఆ కథలోని గొప్పతనము.

అభ్యంతరములలోని సత్యము

అయినను అభ్యంతరము చెప్పువారి మాటను మనము త్రోసివేయరాదు. వారు ముఖ్యముగా మూడు విషయములు చెప్పుదురు.

మొదటిది, కుక్క తిను అన్నము బిడ్డల కంచమునుండి పోవునని. ఇది కొంతవరకే నిజము. నాటుకుక్కకు ప్రత్యేకాహారము అక్కరలేదు. ఇంట మిగిలిన అన్నము, సంకటి, గంజి, మజ్జిగ, అప్పుడప్పుడొక గ్రుడ్డు దానికి చాలును. కాని ఒక కుక్కకు సరిపోవునది నాలుగింటికి సరిపోదు. కావున పేదయింట కుక్క ఒక్కటియే యుండవలెను.

రెండవది, జబ్బుచేసిన వైద్యము చేయింపలేరని. ఇది బలమైన మాట. కాని జబ్బు వచ్చిన పిమ్మట అగు వ్యయముకంటె రాకుండ చేసికొను వ్యయము చాల తక్కువ. అందులో పెద్దభాగమును ప్రభుత్వ పశువైద్యశాల సాయముతో తీర్చుకొనవచ్చును.

మూడవది, కుక్క కరచిన నష్టము పొరుగువారు భరింపవలెనని. ఇదియే అన్నింటికంటె ముఖ్యమైన విషయము. అయితే ఈ విషయమున ధనవంతుని కుక్కకును, పేదవాని కుక్కకును భేదము లేదు. టీకా లేని కుక్క మేడయింటిదైనను, గుడిసెలోనిదైనను అపాయము ఒక్కటియే. కాబట్టి “ఇతనికి ఆదాయమెంత?” యని గాక “ఈ కుక్కకు చేయవలసినవి చేయుచున్నాడా?” యని పంచాయతీ అడుగవలెను.

చేయవలసినవి ఏవి?

అవి అయిదు. తిండియు, నీరును మొదటిది. వేసవిలో ఒక మూకుడు నీరు ఎల్లప్పుడు నీడపట్టున నుంచవలెను. రెండవది రేబీస్ టీకా. కుక్కపిల్లకు మూడు నెలలు నిండిన పిమ్మట తొలి టీకాయు, పశువైద్యుడు చెప్పిన గడువున మరియొకటియు, తరువాత ఏటేట ఒకటియు వేయింపవలెను. మూడవది కడుపులోని పురుగులకు మందు. నాలుగవది సంతానము కలుగకుండ చేయు శస్త్రచికిత్స. ఆడకుక్క సుమారు 63 దినములు మోసి ఈనును. ఏడాదికి రెండు మారులు ఈనవచ్చును. ఈతకు నాలుగైదు పిల్లలైనను అవి రెండుమూడేండ్లలో ఎన్నింతలగునో సభ్యులే ఊహింపవచ్చును. వీధికుక్కలలో పెక్కింటి పుట్టుక ఎవరి వాకిటనో వద్దనుకొన్న పిల్లలే. అయిదవది, రాత్రికొక చోటును, పగలు తగినంత స్వేచ్ఛయు. దినమంతయు పొట్టి గొలుసునకు కట్టబడిన కుక్క క్రూరమగును.

ఈ అయిదును చేయగలవాడు పేదయైనను కుక్కను పెంచవచ్చును. చేయలేనివాడు, చేయనివాడు ధనికుడైనను పెంచరాదు. అప్పుచేసి సీమజాతి కుక్కను కొనుట మాత్రము తగదు. దట్టమైన బొచ్చు గల జాతులు మన యెండలకు ఓర్వవు. వాని తిండియు, వైద్యమును కూలికుటుంబమునకు మోయరాని భారమగును. మన నాటుకుక్క ఈ నేలకు, ఈ యెండకు అలవాటుపడినది.

మరియొక విషయము గలదు. పాలమూరు, అనంతపురము మొదలైన మెట్టప్రాంతములనుండి పనికై వలసపోవు కుటుంబములు అనేకము. వారు పోవునపుడు ఇంటికి తాళమువేసి కుక్కను వీధిలో విడిచిపోవుదురు. తిండిపెట్టు చేయి లేని ఆ కుక్క కుప్పలవెంట తిరిగి వీధికుక్కలలో కలియును. కావున వలసపోవువారు ముందుగా పొరుగింటికో, బంధువులకో కుక్కను అప్పగించునట్లు వార్డు సభ్యులు చూడవలెను. అట్లు అప్పగించుటకు ఎవరును లేనివారు కుక్కను తెచ్చుకొనకుండుటయే దానికిని మేలు.

రేబీస్ : భయమును, బుద్ధియు

రేబీస్ అనునది ఒక సూక్ష్మమైన వైరస్ వలన కలుగు వ్యాధి. రోగముగల జంతువు చొంగలో ఈ వైరస్ ఉండి, కాటుద్వారా గాయములో ప్రవేశించి, నరములవెంట మెదడు చేరును. కరచిన పిమ్మట లక్షణములు కనబడుటకు సామాన్యముగా రెండుమూడు నెలలు పట్టును. ఒక వారమునకే కనబడవచ్చును, సంవత్సరము పట్టవచ్చును. నీటిని చూచి భయపడుట మొదలైన లక్షణములు ఒకమారు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసంభవము. కాని లక్షణములు రాకముందు సకాలమున చికిత్స పొందినచో ఈ మరణమును పూర్తిగా తప్పింపవచ్చును. ఇంత భయంకరమై, ఇంత సులభముగా నివారింపదగిన వ్యాధి మరియొకటి అరుదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము రేబీస్ వలన ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది మరణించుచున్నారు. కాటునకు గురియైనవారిలో 40 శాతము పదునైదేండ్ల లోపు పిల్లలు. మనుష్యులకు ఈ వ్యాధి నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు కుక్కలవలననే వచ్చుచున్నది.

కుక్క కరచిన వెంటనే గాయమును ధారగా పారు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. వైరస్‌ను చాలవరకు తొలగించునది ఈ కడుగుటయే. కారము, సున్నము, పసుపు, ఆకుపసరు, కాఫీపొడి మొదలైనవి అద్దరాదు. కట్టు బిగించి కట్టరాదు. పిమ్మట ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. చర్మములోపల వేయు పద్ధతిలో మొదటి దినము, 3వ, 7వ, 28వ దినములలో టీకాలు వేయుదురు. రక్తము వచ్చునట్లు కరచినచో టీకాతోపాటు గాయములోనికి రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ అను మందును గూడ ఇయ్యవలసియుండును. మొదటి సూదితో నొప్పి తగ్గినదని తక్కినవి మానుట ప్రాణమునకు ముప్పు.

పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు వేయుచుండిరి. ఆ భయము మన పెద్దలలో ఇంకను మిగిలియున్నది. ఆ పాతమందు మన దేశమున పోయి చాల యేండ్లైనది. ఇప్పటి టీకాలు చేతికే వేయుదురు. ఈ సంగతిని ఊరిలో అందరికిని తెలుపుట సభ్యుల పని.

కరచిన కుక్క దొరికినచో దానిని చంపరాదు; కట్టి పది దినములు గమనింపవలెను. పదిదినములు గడచినను అది ఆరోగ్యముగా నున్నచో కరచునాటికి దాని చొంగలో రేబీస్ లేదని తేలును. కాని ఈ గమనింపునకై మనిషి చికిత్సను ఆపరాదు.

కాపరులు ఎరుగవలసిన మరియొక వ్యాధి

గొఱ్ఱెలను కోసినపుడు కాలేయమునందు, ఊపిరితిత్తులయందు నీటిబుడగలవంటి తిత్తులు కొన్నిమారులు కనబడును. వానిని పనికిరావని కుక్కలకు విసరుట వాడుక. ఇది చాల అపాయకరము. ఆ తిత్తులలో ఒక బద్దెపురుగు పిల్లదశలో నుండును. కుక్క తినినపుడు అది కుక్క ప్రేగులలో పెరిగి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు మలముతో బయటపడి గడ్డికి, కూరలకు, కుక్క వెంట్రుకలకు, పిల్లల చేతులకు అంటుకొనును. మనిషి కడుపులోనికి పోయినచో కాలేయమునందో, ఊపిరితిత్తులయందో తిత్తి మెల్లగా ఏండ్లతరబడి పెరిగి, తుదకు శస్త్రచికిత్సకు దారితీయును. పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు కుక్కకు వేయకుండుట, వానిని లోతుగా పూడ్చుట, కుక్కకు పురుగుల మందు వేయుట, తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనుట ఇందుకు నివారణోపాయములు.

చట్టమేమి చెప్పుచున్నది?

పంచాయతీ తీర్మానము చట్టమునకు లోబడి యుండవలెను. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము పెంచుచున్న జంతువునకు తిండి, నీరు, నీడ ఇయ్యకపోవుట, కారణము లేక దానిని విడిచిపెట్టుట, తగనంత కాలము పొట్టి గొలుసునకు కట్టియుంచుట నేరములు. 2023వ సంవత్సరపు భారతీయ న్యాయ సంహిత 325వ విభాగము క్రింద జంతువును దురుద్దేశముతో చంపుటకు, విషము పెట్టుటకు అయిదేండ్లవరకు కారాగార శిక్ష విధింపవచ్చును. కావున విషము పెట్టుటకు తీర్మానించుట యనగా సభ్యులు తామే నేరమునకు పూనుకొనుట.

2023వ సంవత్సరపు జంతు సంతాన నియంత్రణ నియమముల ప్రకారము పెంపుడు జంతువునకు టీకా, పురుగుల మందు, సంతాన నిరోధక చికిత్స చేయించు బాధ్యత యజమానిది. వీధికుక్కల విషయమున ఆ బాధ్యత స్థానిక సంస్థలది. రాజ్యాంగము 11వ షెడ్యూలులో పశుసంవర్ధనము పంచాయతీలకు ఉద్దేశింపబడిన విషయములలో 4వది. రాజ్యాంగము 51(క) అధికరణము ప్రాణులయెడ దయ కలిగియుండుట ప్రతి పౌరుని కర్తవ్యముగా చెప్పుచున్నది.

ఈ సందర్భమున రామచిలుకను గూర్చి ఒక మాట. పేదయిండ్లలో పంజరమున చిలుకను పెంచుట పాతవాడుక. కాని మన అడవులలోని చిలుకలు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ పొందినవి. పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట నేరములు. తెలియక కూలివాడు కేసులో చిక్కుకొనకుండ ముందుగా హెచ్చరించుట మంచిది.

పంచాయతీ చేయదగినవి

1. వార్డువారీగా పెంపుడుకుక్కల పట్టిక వ్రాయవలెను. యజమాని పేరు, కుక్క ఆడదా మగదా, టీకా వేసిన తేదీ, ఈ మూడు చాలును.

2. జూలై 6వ తేదీ ప్రపంచ జూనోసిస్ దినము. 1885లో ఆ దినముననే ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ ఒక బాలునకు తొలి రేబీస్ టీకా వేయించెను. ఆ దినమున పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయు వాడుక గలదు. నెల ముందుగనే పశువైద్యాధికారికి జాబు వ్రాసి, శిబిరము ఊరిలోనే జరుగునట్లు చూడవలెను. కూలిపని పోగొట్టుకొని పదిమైళ్ళు కుక్కను నడిపించుకొని పోవుట పేదవానికి సాధ్యము కాదు.

3. ఊరిలోని కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినచో వ్యాధి ఒకదానినుండి మరియొకదానికి సోకు గొలుసు తెగునని నిపుణులు చెప్పుచున్నారు. కావున వీధికుక్కలను విడువరాదు.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున కుక్కకాటు టీకా నిలువ యున్నదో లేదో నెలకొకమారు విచారింపవలెను. కరచిన నాడు విచారించుట ఆలస్యమగును.

5. మాంసపు దుకాణముల వ్యర్థములు, పెండ్లిభోజనముల విస్తళ్ళు వీధిలో పారవేయకుండ గుంటలు త్రవ్వించి పూడ్పింపవలెను. కుప్పలున్నంత కాలము కుక్కల గుంపులుండును.

6. నిద్రించు కుక్కను, తినుచున్న కుక్కను, పిల్లలతోనున్న తల్లికుక్కను తాకరాదని, కుక్క యెదురైనపుడు పరుగెత్తరాదని, చిన్న గీటుపడినను ఇంటిలో దాచక చెప్పవలెనని బడిపిల్లలకు ఉపాధ్యాయులచే నేర్పింపవలెను.

ఆ గ్రామమున ఏమి జరిగినది?

బాలుని కాలు అదృష్టవశమున బడిలోని ఉపాధ్యాయుడే సబ్బుతో చాలసేపు కడిగి, ఆనాడే ఆరోగ్య కేంద్రమునకు తీసికొని పోయియుండెను. సభలో ఆయన లేచి, “మొదట మన యూరిలో టీకా వేసిన కుక్కలెన్నియో లెక్కింతము” అనెను. లెక్కించిరి. వృద్ధురాలి కుక్కకు టీకా లేదు. తీర్మానమును ప్రతిపాదించిన సభ్యుని యింటనున్న రెండు కుక్కలకును లేదు. ఆయన కొంతసేపు మౌనముగా నుండి తన ప్రతిపాదనను తానే ఉపసంహరించుకొనెను. పదిదినముల గడువు తీరువరకు వృద్ధురాలి కుక్కను వాకిట కట్టియుంచుటకును, గడువు తీరిన పిమ్మట ఊరి కుక్కలన్నింటికి టీకా వేయించుటకును తీర్మానమైనది.

కుక్క ఆరోగ్యముగనే యుండెను. బాలుడు తన సూదులన్నియు వేయించుకొనెను. ఆ యేటి జూలై శిబిరమునకు వృద్ధురాలు తన కుక్కను పాతచీర పేలికతో కట్టి నడిపించుకొని అందరికంటె ముందుగా వచ్చెనని తరువాత మాకు జాబు వచ్చినది. బాలుని తండ్రియు అక్కడ కుక్కలను పట్టుకొనుటకు సాయముచేసెనట.

పేదవాని కుక్కను ఊరినుండి వెడలగొట్టుట సులభముగా కనబడును. దానివలన రేబీస్ పోదు, తోడు మాత్రము పోవును. టీకా వేయించుట కొంచెము శ్రమ. దానివలన బిడ్డకును, ముసలమ్మకును, మూగప్రాణికిని ఒకేమారు మేలగును. రానున్న జూలై 6వ తేదీకి మీ పంచాయతీ పట్టిక సిద్ధముగా నున్నదా? లేనిచో ఈ మాసపు సమావేశముననే ఆరంభింపుడు.